ఓలావ్ దారికి ఏర్పాట్లు

శ్యామసుందరి గురించి చెప్పాలంటే ముందు ఆమె నోటి గురించి చెప్పాలి. పాయింట్ కుక్‌లో తెలుగువాళ్ళ ఇంట ఏ పేరంటం జరిగినా ఆమె లేకపోతే ఉప్పులేని పప్పే. పుట్టింది అమలాపురం. పెళ్ళయిన ఏడాదికే మెల్‌బోర్న్ వచ్చేసింది గానీ ఇన్నేళ్ళయినా మాటలో కోనసీమ చెమ్మ ఆరలేదు. చైల్డ్‌కేర్ సెంటర్లో ఉద్యోగం. నానా దేశాల పిల్లలు నానా భాషల్లో ఏడుస్తుంటే అందరినీ తెలుగులోనే ఊరుకోబెడుతుంది. వాళ్ళూ ఊరుకుంటారు.

భర్త కనకరాజుది రావులపాలెం. సిటీలో ఒక బ్యాంకుకి కంప్యూటర్ పని చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఫ్రీవే మీద ఎవడైనా అడ్డంగా దూరినా హారన్ కొట్టడు, "పాపం ఏం తొందరో" అని దారిస్తాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు స్నేహ, పదిహేనేళ్ళది, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే రకం. ఆ ఇంట్లో గొంతు పెద్దది చేసే హక్కు శ్యామసుందరికి ఒక్కర్తికే ఉండేది. మిగతా ఇద్దరూ నవ్వుకుంటూ పడి ఉండేవాళ్ళు.

నిరుడు శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం వచ్చింది. అక్కడ శ్రావణమంటే నడి చలికాలం, అయిదున్నరకే చీకటి పడుతుంది. శ్యామసుందరి కలశానికి పట్టుచీర కట్టి, తల్లి పెట్టినవీ, అత్తగారు పెట్టినవీ, తాను కొనుక్కున్నవీ నగలన్నీ అమ్మవారికే పెట్టింది. పేరంటాళ్ళు తాంబూలాలు పుచ్చుకుని వెళ్ళిపోయారు. అందరికంటే ఆఖరున లేచింది అలివేలు ఆంటీ. ఆ చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళ చేత నోములూ వ్రతాలూ దగ్గరుండి చేయించే పెద్దావిడ ఆవిడే. గుమ్మంలో ఆగి మరీ చెప్పింది.

"దీపాల వేళమ్మా, అప్పుడే వీధి తలుపు వేసెయ్యకు. లక్ష్మి వచ్చే వేళ. కాసేపు తీసి ఉంచు. కలశం మాత్రం రేపటిదాకా కదపకు. శుక్రవారం లక్ష్మిని గడప దాటించకూడదు."

ఆ వీధిలో చీకటి పడ్డాక వీధి తలుపు బార్లా తీసి పెట్టిన ఇల్లు అదొక్కటే. లక్ష్మి వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. ముగ్గురు కుర్రాళ్ళు మాత్రం వచ్చారు. మొహాలకి గుడ్డలు, తలల మీద హుడ్‌లు. ఒకడి చేతిలో పొడుగాటి కత్తి. కోనసీమలో కొబ్బరిబోండాలు కొట్టే కత్తి కంటే జానెడు పొడుగుంది.

"కార్ కీస్" అన్నాడు వాడు.

కనకరాజు చేతులు రెండూ పైకెత్తి, ఫ్రిజ్ మీద ఉన్న తాళాలు గడ్డంతో చూపించాడు. తాళాలు తీసుకున్నారు. అక్కడితో పోయేదే. వెళ్ళబోతూ ఒకడు పూజ దగ్గర వెలుగుతున్న దీపాలు చూశాడు, దీపాల వెనక బంగారం చూశాడు.

"ఇచ్చెయ్ శ్యామా. అన్నీ ఇచ్చెయ్" అన్నాడు కనకరాజు.

ఆమె ఇవ్వలేదు. కలశం ముందు కూలబడి రెండు చేతులూ దాని చుట్టూ వేసేసింది. సెంటర్లో తల్లిదండ్రులతో గడగడా మాట్లాడే ఇంగ్లీషు ఆ క్షణాన ముక్కలైపోయింది. "టుడే ఫ్రైడే. ప్లీజ్. టుమారో కమ్. టుమారో ఐ గివ్" అని కత్తి పట్టుకున్నవాణ్ణి బతిమాలింది. వినేవాళ్ళకి నవ్వొస్తుంది. ఆమె నవ్వించడానికి అనలేదు. నిజంగానే మర్నాడు ఇచ్చేసి ఉండేది.

వాడు కత్తెత్తి ఆమె చేతుల మీదికి దించాడు. కనకరాజు మధ్యలోకి దూకాడు. చేతుల మీద పడాల్సింది అతని ఎడమ మోకాలి మీద పడింది. ఎముకకి ఇనుము తగిలిన చప్పుడు శ్యామసుందరి విన్నది. వాడు కత్తి ఊడబెరికి మళ్ళీ అక్కడే కొట్టాడు. రెండోవాడు బూటుకాలితో అతని మొహం నేలకేసి తొక్కిపట్టాడు. మూడోవాడు కలశాన్ని ఒక్క తన్ను తన్ని, చెల్లాచెదురైన నగలు ఏరుకున్నాడు. పసుపు నీళ్ళలో, బియ్యంలో, ముగ్గులో రక్తం కలిసిపోయింది. మేడ మీద గదిలో స్నేహ మంచం కింద దూరి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పోలీసులకి ఫోన్ చేసింది. వాళ్ళు వచ్చేటప్పటికి కారు కూడా లేదు.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంది అని ఊళ్ళో తెలుగువాళ్ళంతా అనుకున్నారు. ఆ మాట తిరిగి తిరిగి శ్యామసుందరి చెవినీ పడింది. ఎప్పుడూ ఎవరికీ బాకీ ఉంచని నోరు ఆ మాటకి మాత్రం జవాబు చెప్పలేదు.

మోకాలికి రెండు ఆపరేషన్లు చేశారు. తర్వాత కాలు వంచడం నేర్పే వార్డుకి మార్చారు. అక్కడ పక్క మంచం మీద ఆర్నె అనే ముసలాయన ఉండేవాడు. నార్వేలో పుట్టి, పడుచు వయసులో విలియమ్స్‌టౌన్ ఓడల యార్డుకి వడ్రంగిగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తుంటి ఎముక మార్పించుకున్నాడు. మంచం పక్క గోడకి పొడుగాటి మ్యాపు ఒకటి అంటించి, రోజూ దాని మీద వేలు నడిపిస్తుండేవాడు. అది ఓస్లో నుంచి ట్రాండ్‌హైమ్ దాకా కొండల మీదుగా పోయే యాత్రాదారి. ఓలావ్ అనే రాజు సమాధి కోసం వెయ్యేళ్ళుగా జనం నడుస్తున్న దారి. నెల రోజుల పైన పడుతుంది. చిన్నప్పుడు సగం నడిచి ఆపేశాడట, చచ్చేలోగా రెండో సగం కూడా అయిందనిపించాలని కోరిక.

"ఆ రాజు ఏం చేశాడు, దేవుడవడానికి?" అని అడిగాడు కనకరాజు ఒకరోజు. దెబ్బ తగిలాక తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది.

"మంచిపనులేం పెద్దగా చెయ్యలేదు. కత్తి పట్టుకుని ఊరూరా తిరిగి, మతం మారతావా చస్తావా అనేవాడు" అన్నాడు ఆర్నె. "ఆఖరికి జనం తిరగబడ్డారు. యుద్ధంలో ముందు ఎడమకాలి మీద గొడ్డలి దెబ్బ పడింది. మోకాలి పైన, ఇదిగో ఇక్కడ. తర్వాత కడుపులో బల్లెం, మెడ మీద కత్తి. చచ్చాక మహిమలు మొదలయ్యాయన్నారు. సెయింట్ అయ్యాడు. బొమ్మల్లో ఇప్పటికీ చేతిలో గొడ్డలి ఉంటుంది."

"ఎడమ మోకాలా" అన్నాడు కనకరాజు. కట్టుకట్టిన తన కాలి వంక చూసుకున్నాడు. ఆ తర్వాత నవ్వాడు.

క్యారేజీ పట్టుకుని అప్పుడే వచ్చిన శ్యామసుందరి ఆ నవ్వు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నెల్లాళ్ళకి చూసిన నవ్వు. ఇంటికెళ్ళి దేవుడి దగ్గర దీపం పెట్టి, ఓలావ్, నువ్వు ఏ మతం దేవుడివైనా సరే, ఈ మనిషిని నీ దాకా నడిపించి నాకు తిరిగివ్వు అని మొక్కుకుంది. ఆ దారి నడిచి వచ్చినవాడు మళ్ళీ పాత కనకరాజే అవుతాడని ఆమె నమ్మింది. ఆ తర్వాత జరిగినవన్నీ ఆ నమ్మకం మీదే ఓర్చుకుంది.

వచ్చే వేసవికి, అంటే నార్వే వేసవికి, ఆర్నె, కనకరాజు కలిసి నడవాలని అనుకున్నారు. జూలై ఆఖరున ఓలావ్ పండుగ నాటికి ట్రాండ్‌హైమ్ చేరాలి. మ్యాపు భోజనాల బల్ల మీదికొచ్చింది. ఆఫీసులో జీతం లేని సెలవు దొరికింది. హమార్, లిల్లెహామర్, డోవ్రె అని ఊళ్ళ పేర్లు కనకరాజు అష్టోత్తరంలా చదువుకునేవాడు. ఏ రాత్రి ఏ సత్రంలో పడుకోవాలి, కొండల మీద మంచు ఎప్పుడు కరుగుతుంది, వాగు దాటేచోట వంతెన ఉందా లేదా, అన్నీ ఆర్నెకి ఫోన్ చేసి అడిగేవాడు. పెద్ద బూట్లు, వానకి తడవని కోటు, వీపుకి తగిలించే సంచి, రెండు చేతులకీ రెండు అల్యూమినియం కర్రలు కొన్నాడు. శ్యామసుందరి కందిపొడి, పులిహోర పొడి చేసి, ఉప్మారవ్వ పోపుతో సహా వేయించి పొట్లాలు కట్టింది. నీళ్ళు కాస్తే చాలు, తినెయ్యొచ్చు. రాత్రిళ్ళు అతని మోకాలికి నువ్వులనూనె మర్దనా చేసేది. ఏ పక్కకి ఎంత వంగుతుందో, ఎక్కడ నొక్కితే ప్రాణం పోతుందో అతనికంటే ఆమెకే బాగా తెలుసు.

వారానికి నాలుగు రోజులు స్కెలిటన్ క్రీక్ అనే వాగు పక్క బాట మీద సంచి వేసుకుని నడిచేవాడు. నడక ఎంత సాగినా లోపలి మంట మాత్రం చల్లారలేదు. కత్తితో కొట్టినవాడు దొరికాడు. పదహారేళ్ళవాడట, బెయిల్ మీద ఇంటికి పంపేశారు. ఆ కబురు తెలిసిన రోజు కనకరాజు హాల్లో గోడని పిడికిలితో గుద్దాడు. అక్కడి ఇళ్ళ గోడలు అట్టల్లాంటివి, చెయ్యి మోచేతిదాకా లోపలికి పోయింది. ఆ కంతకి స్నేహ తన స్కూలు క్యాలెండర్ తగిలించింది. సాయంత్రం అయిదింటికల్లా అన్ని తలుపులూ గడియలేసి, మంచం పక్క సుత్తి పెట్టుకుని పడుకునేవాడు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం షాపింగ్ సెంటర్ కారు పార్కులో ఒక కుర్రాడు హుడ్ వేసుకుని వీళ్ళ వైపే పరుగెత్తుకొచ్చాడు. వాడు బస్సు అందుకోవాలని పరుగెడుతున్నాడు. కనకరాజు చేతిలో నడక కర్ర ఉంది. ఒక్క మాట అనకుండా వాడి వీపు మీద కొట్టాడు. వాడు బోర్లా పడ్డాడు. పడ్డవాణ్ణి మళ్ళీ కొట్టాడు. హుడ్ తొలిగితే స్నేహ స్కూల్లోనే చదివే పిల్లవాడు, పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. వాడి తల్లి అవతలి కారులోంచి అరుచుకుంటూ వచ్చింది. శ్యామసుందరి అందరిముందూ ఆవిడ కాళ్ళు పట్టుకుంది, మా ఆయన మోకాలు చూడండి, మా ఇంట్లో ఏం జరిగిందో వినండి అని ఏడ్చింది. ఆవిడ పోలీసుల దాకా వెళ్ళకుండా కొడుకుని తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి రాగానే కనకరాజు తలుపు గడియ వేశాడు.

"నా తరఫున ఎవత్తె కాళ్ళో పట్టుకుంటావా?"

"లేకపోతే కేసవుతుందండి. కేసయితే ప్రయాణం ఆగిపోతుంది కదండీ."

"అప్పుడు చూపించలేదేం ఈ తెలివి? ఇచ్చెయ్యమని అరిచాను. శుక్రవారమన్నావు. నా కాలు కంటే నీకు వారం ఎక్కువైంది."

అతను జవాబు కోసం ఆగలేదు. చేతిలో కర్రతోనే భుజం మీద కొట్టాడు. పెళ్ళయ్యాక అదే మొదటి దెబ్బ. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే అదే, కాకపోతే ఇక్కడ దుత్తే తన తప్పు ఒప్పుకుని మళ్ళీ మళ్ళీ చేతికందింది. నడకలో మోకాలు వాచిన రోజు ఇంట్లో చెయ్యి లేచేది. కొండెక్కి దిగిన రోజు వాపు ఎక్కువ, దెబ్బలూ ఎక్కువే. ఒకసారి జుట్టు పట్టి తల ఫ్రిజ్‌కేసి కొట్టాడు. ఒకసారి వేడి టీ కప్పు విసిరితే మెడ మీద తోలు ఊడింది. కొట్టాక ఏడ్చేవాడు కాదు, బతిమాలుకునేవాడు కాదు. బల్ల దగ్గర కూర్చుని మ్యాపు చూసుకునేవాడు.

చైల్డ్‌కేర్ సెంటర్లో ఏటా ఒక శిక్షణ ఉంటుంది. పిల్లల ఒంటి మీద ఎలాంటి మచ్చలు పడిపోతే వస్తాయి, ఎలాంటివి కొడితే వస్తాయి, చూడగానే ఎవరికి చెప్పాలి అని నేర్పుతారు. ఆ ఏడూ శ్యామసుందరే అందరికంటే బాగా జవాబులు రాసింది. ఆ వారంలోనే ఆమె చేత అన్నం తింటున్న ఒక చంటిది ఆమె చొక్కా చెయ్యి పైకి తోసి, కమిలిన చోట వేలు పెట్టి "ఔచ్?" అని అడిగింది. "పడ్డానురా బంగారం" అని తెలుగులో చెప్పి, చెయ్యి కిందికి లాక్కుని, దానికి ఇంకో ముద్ద పెట్టింది.

స్నేహ చూస్తూనే ఉంది. "ఐ'ల్ కాల్ ద కాప్స్, మమ్" అన్నది ఒకటికి రెండుసార్లు. "నీ కోసం కాదే, నా కోసం ఊరుకో. నాన్న జూన్‌లో వెళ్ళిపోతారు. నడిచొస్తే బాగయిపోతారు" అని గడ్డం పట్టుకుంది శ్యామసుందరి. ఉండబట్టలేక అలివేలు ఆంటీ ఇంటికి వెళ్ళి మెడ మీది మచ్చ చూపించింది.

ఆంటీ చూసి కళ్ళు తుడుచుకుంది. పసుపు, వెన్న కలిపి రాసింది. "దెబ్బతిన్న మనిషమ్మా. నీకు పడాల్సిన కత్తికి తను అడ్డం పడ్డాడు కదా. ఆ మాత్రం ఓర్చుకో. యాత్ర చేసొస్తే అన్నీ సర్దుకుంటాయి" అని పంపింది.

వీధి తలుపు తీసి ఉంచమన్న నోరే ఈ మాటా అన్నది. వినేవాళ్ళకి ఒళ్ళు మండాలి. శ్యామసుందరికి మండలేదు. రోజూ తనకి తాను చెప్పుకునే మాటే పెద్దావిడ కూడా చెప్పిందని కాస్త ధైర్యం తెచ్చుకుని ఇంటికొచ్చింది.

ధైర్యానికి ఇంకో ఆధారం కూడా దొరికింది. మే నెలలో ఒక ఆదివారం ఆర్నె, కనకరాజు యూ యాంగ్స్ గుట్టలెక్కుతూ ఆమెనీ రమ్మన్నారు. పైన గాలి కొడుతుంటే ముగ్గురూ బండ మీద కూర్చుని ఆమె తెచ్చిన పెరుగన్నం తిన్నారు. దూరాన సముద్రం, ఇటు పాయింట్ కుక్ ఇళ్ళ కప్పులు. "డోవ్రె కొండ మీద కూడా ఇలాగే గాలి ఉంటుందటే శ్యామా. నిన్నొకసారి తీసుకెళ్తాను" అన్నాడు కనకరాజు. దిగేటప్పుడు ఆమెకి కాలు జారితే చెయ్యందించాడు. ఆమె ఆ చెయ్యి వదలకుండా కారుదాకా వచ్చింది. నెలన్నర ఓపిక పడితే చాలు, మనిషి లోపలే ఉన్నాడు, దారి పట్టి బయటికొస్తాడు అనుకుంది.

విమానమెక్కడానికి వారం ఉందనగా ఆర్నెని మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. చలిగా ఉన్నా వెనక పెరట్లో ఎండ కాసింది. కనకరాజు బార్బెక్యూ పొయ్యి మీద రొయ్యలు కాల్చాడు. శ్యామసుందరి పులిహోర, చికెన్ వేపుడు చేసింది. బల్ల చివర సంచులు, బూట్లు, కర్రలు అన్నీ సర్ది ఉన్నాయి. ఆర్నె తన కొత్త తుంటిని తట్టి, "నాది ఇనుము, మీ నాన్నది మేకులు. ఇద్దరినీ కలిపితే ఒక మంచి మనిషి అవుతాడు" అని స్నేహతో పరాచికాలాడాడు. "ట్రాండ్‌హైమ్‌కి వస్తావా మాకు స్వాగతం చెప్పడానికి?"

స్నేహ ఫోర్కు కింద పెట్టింది.

"హి హిట్స్ మమ్" అన్నది మామూలు గొంతుతోనే. "విత్ దోజ్ స్టిక్స్. మీతో నడవడానికి కొన్నాడు చూడండి, వాటితోనే. మీకు చెప్పాడా?"

పొయ్యి మీద రొయ్యలు చిటపటలాడుతున్నాయి. కనకరాజు నవ్వాడు. "టీనేజర్స్" అన్నాడు. ఆర్నె అతని వంక చూడలేదు, శ్యామసుందరి వంక చూశాడు.

"నిజమేనా?"

ఆమె పులిహోర గిన్నె మీద మూత పెట్టింది. వారం. ఒక్క వారం. "లేదు లేదు. పరీక్షలు కదా, దానికి బుర్ర తిరుగుతోంది" అన్నది. కన్నకూతురు తల్లి మొహం వంక చూసింది. తర్వాత చూపు తిప్పుకుంది. ఆ చూపు తిప్పుకోవడం శ్యామసుందరికి అప్పటిదాకా తిన్న అన్ని దెబ్బలకంటే ఎక్కువ తగిలింది.

ఆర్నె ముసలివాడే గానీ గుడ్డివాడు కాదు. మాట్లాడుతూ ఆమె చొక్కా చేతులు మణికట్టు దాకా లాక్కోవడం చూశాడు. రుమాలుతో మూతి తుడుచుకుని నెమ్మదిగా లేచాడు.

"నేను నీతో నడవను రాజూ" అన్నాడు. "ఓలావ్ దెబ్బ తిన్నాడని నీకు నచ్చాడు. ఎందుకు తిన్నాడో నేను మొదటిరోజే చెప్పాను. ఆ ముక్క నువ్వు వినలేదు." శ్యామసుందరి వైపు తిరిగి, "నా కారు బయట ఉంది. ఇద్దరూ వస్తే మా ఇంట్లో గదులున్నాయి" అన్నాడు.

"అంత లేదండి. అంతా బాగానే ఉందండి" అని తెలుగులోనే అనేసింది ఆమె, తలుపు దాకా సాగనంపింది. కారు కదిలిన చప్పుడు విన్నది.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆమె వెనక్కి తిరిగేటప్పటికి పెరట్లో కుర్చీ ఒకటి పడిన చప్పుడైంది. స్నేహ ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది, మేడమెట్లు రెండు ఎక్కింది. కనకరాజు వెనకనుంచి దాని జడ దొరకబుచ్చుకుని కిందికి లాగాడు. అది వెల్లకిలా పడి, తల మెట్టు అంచుకి కొట్టుకుంది. "పది నెలలు. పది నెలలు అవస్థ పడ్డానే ఈ కాలితో. నోటి దూలకి మొత్తం నాశనం చేశావు" అంటూ చేతి కర్రతో కొట్టాడు. చేతుల మీద, నడుం మీద, ముడుచుకున్న మోకాళ్ళ మీద. శ్యామసుందరి వెళ్ళి చెయ్యి పట్టుకుంటే మోచేత్తో మొహం మీద పొడిచాడు. ముక్కులోంచి నెత్తురు బొటబొటా కారింది. అతను మళ్ళీ కూతురి వైపు తిరిగి కర్ర ఎత్తాడు.

స్నేహ కేకలు పెట్టలేదు. "మమ్" అన్నది ఒక్కసారి.

బల్ల దగ్గర్నుంచి రెండూ లాక్కొస్తూ అతను జారవిడిచిన రెండో కర్ర పెరటి తలుపు దగ్గర పడి ఉంది. శ్యామసుందరి దాన్ని రెండు చేతులా పట్టుకుంది. దెబ్బకి బలం చాలడానికి అతను కుడికాలు మెట్టు మీద పెట్టి, ఒంటి బరువంతా ఎడమకాలి మీద మోపి ఉన్నాడు. ఎక్కడ కొట్టాలో ఆమె వెతుక్కోనక్కర లేదు. రోజూ నూనె రాసిన చోటే, పక్కనుంచి, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. లోపల ఏదో చిట్లిన చప్పుడైంది. అతను నరికిన అరటిచెట్టులా కూలిపోయాడు. ఆ ఒక్క దెబ్బ చాలు. ఆమె ఇంకొకటి కూడా కొట్టింది.

తర్వాత కర్ర వదిలేసి, కూతుర్ని ఈడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చి, ఫోన్ తీసి ట్రిపుల్ జీరో ఎమర్జెన్సీ నంబరుకి తనే చేసింది. అంబులెన్సూ కావాలి, పోలీసులూ కావాలి అని రెండూ చెప్పింది.

మొదట పోలీసులే వచ్చారు, ఒక ఆడామె, ఒక మగాయన. వెనకే అంబులెన్సువాళ్ళు వచ్చి కనకరాజు ప్యాంటు కత్తిరించారు. మోకాలు ఉండాల్సిన చోట లేదు. అతని మొహం సున్నంలా పాలిపోయింది, నుదుట చెమట. ఏం జరిగిందని పోలీసామె అడిగింది.

"మెట్ల మీంచి జారిపడ్డాను" అన్నాడు కనకరాజు ఇంగ్లీషులో. "పాత దెబ్బ. కాలు మడతపడింది. అమ్మాయి నన్ను పట్టుకోబోయి తనూ పడింది."

తర్వాత తల పక్కకి తిప్పి, తెలుగులో, వగరుస్తూ, "నువ్వేం మాట్లాడకు శ్యామా. నిన్ను తీసుకుపోతారు. స్నేహకి నువ్వుండాలి" అన్నాడు. ఇంకాసేపటికి, "నీ ముక్కు అలా కారుతోందేంటి, గుడ్డ పెట్టుకో" అన్నాడు.

ఆ గొంతు శ్యామసుందరి ఎరిగిన గొంతే. ఫ్రీవే మీద ఊరివాళ్ళందరికీ దారిచ్చే మనిషి గొంతు. ఇన్నాళ్ళూ ఆమె పొడులు కొట్టింది, కాలు పిసికింది, తన్నులు తిన్నది ఆ గొంతు కోసమే. అది కొండలు దాటి, ఏడు సముద్రాలవతల ఏ గుళ్ళోనో దొరుకుతుందనుకుంది. తన హాల్లోనే, నేల మీద, తను విరగ్గొట్టిన కాలి పక్కన దొరికింది. ఊఁ అంటే చాలు. పడ్డాడు అంటే చాలు, కేసు లేదు, కోర్టు లేదు, మనిషీ తిరిగొచ్చాడు.

స్నేహ ఆమె మొహం వంకే చూస్తోంది. పెరట్లో బల్ల దగ్గర చూసినట్టే.

"హి డిడ్ నాట్ ఫాల్" అన్నది శ్యామసుందరి. ఈసారి ఆమె ఇంగ్లీషు ముక్కలు కాలేదు. "నేనే కొట్టాను, రెండుసార్లు, ఆ కర్రతో. దానికి ముందు ఆయన మా అమ్మాయిని కొట్టారు. దానికి ముందు రెండు నెలలుగా నన్ను కొడుతున్నారు. ఇందాక భోజనాల దగ్గర మా అమ్మాయి నిజం చెబితే అబద్ధమన్నాను. నేను చెప్పిందే అబద్ధం. ఇది కూడా రాసుకోండి."

కనకరాజు కళ్ళు మూసుకున్నాడు. కాదనలేదు.

అతన్ని స్ట్రెచర్ మీదికి ఎత్తేటప్పుడు ఒకసారి గట్టిగా అరిచాడు. గుమ్మం దాటిస్తుంటే చెయ్యి ఆమె వైపు చాపి, వేళ్ళు ఆడించాడు. శ్యామసుందరి చూసింది. ఆమె ఒక చెయ్యి స్నేహ మెడ కింద ఉంది, రెండో చేత్తో అదిమిపెట్టిన ఐస్ సంచి కింద కూతురి తల వాస్తోంది. ఆమె ఏ చెయ్యీ తియ్యలేదు.